పురిటి బిడ్డకు మూత్రం తగ్గితే ఏం చేయాలి: కిడ్నీ దెబ్బతిన్న శిశువు తల్లిదండ్రుల కోసం

బిడ్డ పుట్టగానే పాలు పట్టుకున్నాడా, ఏడ్చాడా, ఎంత బరువు ఉన్నాడు అని చుట్టాలంతా అడుగుతారు. ఉచ్చ ఎన్నిసార్లు పోశాడని అడిగేవాళ్ళు తక్కువ. మొదటి వారంలో కిడ్నీల సంగతి ముందుగా చెప్పేది మాత్రం అదే. నవజాత శిశువుల ఐసీయూల్లో ఇది అరుదైన సమస్య కూడా కాదు. ఇండియాతో సహా నాలుగు దేశాల్లోని 24 ఆసుపత్రుల్లో, ఐసీయూలో చేరి సెలైన్ అవసరమైన సుమారు 2 వేల మంది శిశువులను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో దాదాపు 30 శాతం మందికి ఎంతో కొంత కిడ్నీ దెబ్బతింది. చాలామందిలో కిడ్నీ పుట్టుకతో బాగానే ఉంటుంది. నీళ్ళు తగ్గడం, పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం, రక్తంలో ఇన్ఫెక్షన్ లాంటివి దాన్ని దెబ్బతీస్తాయి. త్వరగా పట్టుకుంటే తిరిగి కోలుకునే అవకాశం బాగా ఉంటుంది. అందుకే ఇంట్లో చేయాల్సిన పనితోనే మొదలుపెడుతున్నాను.

మొదటి పని: తడి గుడ్డల లెక్క రాయండి

పుట్టిన 24 గంటల్లోపు చాలామంది పిల్లలు ఉచ్చ పోస్తారు. 48 గంటల్లోపు దాదాపు అందరూ పోయాలి. ప్రసవం అవుతూనే బల్ల మీదే పోసేస్తే ఎవరూ గమనించకపోవచ్చు, కాబట్టి లేబర్ రూమ్ నర్సును ఒకసారి అడగండి. 24 గంటలు దాటినా ఉచ్చ కనిపించకపోతే డాక్టరుకు చెప్పండి. 48 గంటల దాకా ఇంట్లో ఎదురుచూడొద్దు.

ఆ తర్వాత లెక్క సులువు. రెండో రోజు కనీసం రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు, అలా పెరుగుతూ ఐదారు రోజులకల్లా రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువ తడి గుడ్డలు రావాలి. ఒక కాగితం మంచం పక్కన అంటించి, ఉచ్చకు ఒక గీత, విరేచనానికి ఒక గీత గీయండి. రాత్రి అమ్మమ్మ మార్చిన గుడ్డ తల్లికి తెలియదు, పగలు తల్లి మార్చింది అమ్మమ్మకు తెలియదు. కాగితం మీద ఉంటే ఎవరు చూసినా తెలుస్తుంది.

మొదటి వారం డిస్పోజబుల్ డైపర్ల కంటే పాత చీర ముక్కలు, పొత్తిగుడ్డలే మేలని నా అభిప్రాయం. డైపర్‌లోని జెల్ కొద్దిపాటి తడిని మింగేస్తుంది, బిడ్డ పోశాడో లేదో అనుమానంగానే ఉంటుంది. డైపరే వాడాలంటే లోపల చిన్న దూది ముక్క పెట్టి చూడండి.

ఇంకాస్త కచ్చితంగా తెలుసుకోవాలనుకుంటే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. పొడి గుడ్డ 20 గ్రాములు ఉండి, తడిశాక 38 గ్రాములు వస్తే బిడ్డ 18 మిల్లీలీటర్లు పోశాడని అర్థం, ఎందుకంటే ఒక గ్రాము ఒక మిల్లీలీటరుకు సమానం. గుడ్డ ఆరిపోకముందే తూచాలి. మొదటి రోజు గడిచాక కిలో బరువుకు గంటకు ఒక మిల్లీలీటరు కంటే తక్కువ మూత్రం వస్తుంటే డాక్టర్లు జాగ్రత్త పడతారు. 3 కిలోల బిడ్డకు ఇది రోజుకు 72 మిల్లీలీటర్లు. ఆసుపత్రిలో నర్సులు చేసేదీ ఈ లెక్కే.

మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుక పొడి రంగు మరక కనిపిస్తే భయపడకండి. అది రక్తం కాదు, చిక్కటి మూత్రంలోని యూరేట్ లవణం. అయితే పాలు బాగా పడ్డాక కూడా, నాలుగో రోజు ఐదో రోజు కూడా అదే మరక వస్తుంటే బిడ్డకు పాలు చాలడం లేదని అనుమానించాలి.

రెండో పని: బరువు తూయించండి, "బుద్ధిగా నిద్రపోయే" బిడ్డను గమనించండి

మన ఇళ్ళలో అన్నింటికంటే ఎక్కువగా చెప్పుకోవాల్సిన కారణం ఇదే, ఎందుకంటే దీన్ని చాలావరకు ఆపగలం.

తొలి కాన్పు, సిజేరియన్ అయింది, పాలు పడటం ఆలస్యమైంది, మే నెల ఎండ. బాలింతకు, బిడ్డకు గాలి తగలకూడదని గది కిటికీలు మూసేశారు. బిడ్డ ఏడవడం లేదు, నిద్రపోతున్నాడు. "ఎంత బుద్ధిమంతుడో" అని అందరూ మురిసిపోతారు. నిజానికి చాలినంత పాలు అందని బిడ్డ మొదట ఏడుస్తాడు, తర్వాత ఏడ్చే ఓపిక లేక నిద్రలోకి జారుకుంటాడు. ఒంట్లో నీరు తగ్గి రక్తంలో సోడియం (ఉప్పులో ఉండే లవణం) పెరిగిపోతుంది. సాధారణంగా 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం 160 దాటినవాళ్ళు కూడా వస్తారు. కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గి మూత్రం ఆగిపోతుంది. ఈ పరిస్థితిలో చర్మం ముడతలు పడకుండా, పిండిలా మెత్తగానే ఉండవచ్చు. చూపులకు నీరు తగ్గినట్టు కనిపించదు. జ్వరం మాత్రం ఉండవచ్చు.

అందుకే బరువు చూడాలి. మొదటి వారంలో పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే, 10 నుంచి 14 రోజుల్లో తిరిగి వచ్చేస్తుంది. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 2.7 కిలోలకు వచ్చాడంటే సరిగ్గా 10 శాతం తగ్గినట్టు. అక్కడి నుంచి ఇంట్లో ఉండి చూద్దాం అనొద్దు, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు ఇంటికి వచ్చినప్పుడు త్రాసు తెచ్చి తూయమని అడగండి. అది ఆమె పనిలో భాగమే, మొహమాటపడనక్కర్లేదు.

పాలు అందుతున్నాయో లేదో ఇలా చూడండి. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి. చీకే ప్రతిసారీ చెంపలు లోపలికి పోకుండా, గుటక పడిన చప్పుడు వినిపించాలి. తాగాక రొమ్ము తేలికపడాలి. మొదటి వారంలో మూడు నాలుగు గంటలు దాటి నిద్రపోతుంటే అరికాలు గిల్లి లేపి పట్టండి. ముర్రుపాలు పిండి పారేయకండి. బిడ్డ చీకలేకపోతే తల్లి పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టవచ్చు. నీళ్ళు, పంచదార నీళ్ళు, తేనె, గ్రైప్ వాటర్ ఏదీ వద్దు. సోడియం ఎక్కువగా ఉన్న బిడ్డకు ఇంట్లో నీళ్ళు పట్టేస్తే అది వేగంగా పడిపోయి మెదడు వాచి ఫిట్స్ రావచ్చు. ఆసుపత్రిలో కూడా దాన్ని రెండు రోజులో, ఇంకా ఎక్కువ సమయమో తీసుకుని నెమ్మదిగానే దించుతారు.

మూడో పని: ఈ గుర్తులుంటే ఆగకుండా బయల్దేరండి

ఐదారు రోజులు దాటాక ఆరు నుంచి ఎనిమిది గంటలుగా ఒక్క తడి గుడ్డ కూడా లేకపోవడం, అంతకుముందైతే పైన చెప్పిన లెక్క కంటే తక్కువ రావడం, పాలు పట్టుకోకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, ఒళ్ళు కాలిపోవడం లేదా చల్లబడటం, మాడు లోపలికి పోవడం, నోరు ఎండిపోవడం, ముఖమో పాదాలో ఉబ్బటం, ఊపిరి వేగంగా పీల్చడం, ఫిట్స్, మూత్రంలో రక్తం. మగపిల్లాడి విషయంలో ఇంకొకటి: ఉచ్చ ధారగా పడకుండా చుక్కలు చుక్కలుగా కారుతూ, బొడ్డు కింద గట్టిగా ఉబ్బి ఉంటే మూత్రనాళానికి అడ్డు ఉందేమో అనుమానించాలి.

108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి గుండెకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి పైన దుప్పటి కప్పండి. మింగగలిగితే పాలు పడుతూనే ఉండండి. గర్భిణిగా ఉన్నప్పటి స్కాన్లు, డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డలు ఇద్దరూ వాడిన మందుల పేర్లు, మీరు గీతలు గీసిన ఆ కాగితం తీసుకెళ్ళండి. చివరిసారి ఉచ్చ ఎప్పుడు పోశాడని డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు టైముతో సహా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

జిల్లా ఆసుపత్రుల్లో ప్రత్యేక నవజాత శిశు విభాగాలు ఉన్నాయి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద జబ్బుపడ్డ శిశువుకు ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. అక్కడ కుదరకపోతే పెద్ద కేంద్రానికి పంపుతారు. తెలంగాణలో చాలామందికి తెలిసింది హైదరాబాద్‌లోని నీలోఫర్. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని డబ్బు కట్టకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

నాలుగో పని: కారణం ఏ వైపు నుంచి వచ్చిందో తెలుసుకోండి

డాక్టర్లు మూడు చోట్ల వెతుకుతారు. కిడ్నీకి రక్తం చేరకముందు, కిడ్నీ లోపల, కిడ్నీ దాటాక మూత్రం బయటికి పోయే దారిలో. పెరట్లో కుళాయి రాకపోతే ట్యాంకులో నీళ్ళున్నాయా, మోటారు పాడైందా, పైపు మూసుకుపోయిందా అని చూసినట్టే.

నవజాత శిశువుల్లో మొదటి రకమే ఎక్కువ. పైన చెప్పిన నీరు తగ్గడం, రక్తస్రావం, గుండె జబ్బు, రక్తంలో ఇన్ఫెక్షన్, పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం. ఊపిరి అందని బిడ్డ ఒంట్లో ఉన్న కొద్ది ఆక్సిజన్‌ను మెదడు, గుండె వైపు మళ్ళించి కిడ్నీలకు తగ్గించేస్తుంది. ఆ దెబ్బ మొదటి రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది. అందుకే "ఏడవలేదు, ఆక్సిజన్ పెట్టారు" అన్న బిడ్డకు మూత్రం లెక్క తప్పనిసరి. ఇలాంటి కొందరిని పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలు చల్లబరిచి ఉంచుతారు. అది ప్రధానంగా మెదడు కోసం చేసే చికిత్స.

మొదటి రకాన్ని సరిచేయకుండా వదిలేస్తే రెండోదిగా మారుతుంది. కిడ్నీ లోపలి సన్నటి గొట్టాలే దెబ్బతింటాయి. ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్, ఆంఫోటెరిసిన్ లాంటి మందులు కూడా వాటిని దెబ్బతీయగలవు. ప్రాణం కాపాడటానికి అవి ఇవ్వక తప్పని సందర్భాలుంటాయి, అప్పుడు డోసుల మధ్య గడువు పెంచుతారు. కిడ్నీ సిరలో రక్తం గడ్డకట్టడం, పుట్టుకతోనే కిడ్నీలు సరిగ్గా తయారుకాకపోవడం, తిత్తులు ఉండటం కూడా ఈ రకమే. నెలలు నిండని బిడ్డకు ముప్పు ఎక్కువ, ఎందుకంటే కిడ్నీలోని వడపోత భాగాలు తయారవడం 34 నుంచి 36 వారాల దాకా సాగుతూనే ఉంటుంది.

మూడోది అడ్డు. మగపిల్లల్లో మూత్రనాళం వెనక భాగంలో పొరలాంటి వాల్వులు పెరిగి మూత్రాన్ని ఆపేస్తాయి. గర్భంలోనే స్కానులో రెండు కిడ్నీలూ ఉబ్బి, ఉమ్మనీరు తగ్గి కనిపించవచ్చు. అలాంటి రిపోర్టు ఉంటే కాన్పు పిల్లల సర్జన్ ఉన్న చోటే పెట్టుకోండి. పుట్టగానే సన్నటి గొట్టం వేసి మూత్రం బయటికి పంపుతారు, పరిస్థితి కుదుటపడ్డాక దుర్బిణి గొట్టంతో ఆ పొరను తీసేస్తారు.

గర్భంతో ఉన్నవాళ్ళకు ఒక మాట. బీపీకి ఎనలాప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ లాంటివి వాడుతుంటే గర్భం తెలిసిన వెంటనే డాక్టరును కలిసి మార్పించుకోండి. ఐదో నెల నుంచి నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు. రెండూ కడుపులోని బిడ్డ కిడ్నీల మీద పడతాయి.

ఐదో పని: రిపోర్టులు చదవడం నేర్చుకోండి

కిడ్నీలు రక్తంలోంచి తీసి బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్. దాని అంకె చూసి చాలామంది తల్లిదండ్రులు హడలిపోతారు, లేదా తప్పుగా ధైర్యపడతారు. పుట్టిన మొదటి రోజు బిడ్డ రక్తంలో ఉండేది చాలావరకు తల్లి నుంచి వచ్చిన క్రియాటినిన్. నెలలు నిండిన బిడ్డలో అది రోజురోజుకూ తగ్గుతూ ఒకటి రెండు వారాల్లో 0.2 నుంచి 0.4 దాకా దిగుతుంది. నెలలు నిండకపోతే మొదట కాస్త పెరిగి తర్వాత తగ్గవచ్చు. కాబట్టి ఒక్క రిపోర్టు పట్టుకుని ఏమీ చెప్పలేం. "నిన్నటికీ ఈ రోజుకూ దిగిందా, ఎక్కిందా?" అని అడగండి. 48 గంటల్లో 0.3 పెరిగినా, ఇంతకుముందున్న అతి తక్కువ అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క.

ఇంకో విషయం గుర్తుంచుకోండి. మూత్రం బాగా వస్తున్నా కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు. ఊపిరి అందని పిల్లల్లో, జెంటామైసిన్ లాంటి మందుల వల్ల దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది. ఐసీయూలో "ఉచ్చ పోస్తున్నాడు కదా, మళ్ళీ రక్తం ఎందుకు తీస్తారు" అని ఆపకండి.

పొటాషియం 6 దాటితే అందరూ పరుగెత్తుతారు, అది గుండె లయను తప్పిస్తుంది. అయితే మడమ గుచ్చి, పిండి తీసిన రక్తంలో కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపించడం మామూలే. ఈసీజీ చూసి, మళ్ళీ రక్తం తీసి నిర్ధారిస్తారు. సోడియం తక్కువ చూపిస్తే చాలాసార్లు ఒంట్లో నీరు ఎక్కువై పలచబడిందని అర్థం. అప్పుడు ఉప్పు ఎక్కించడం కంటే నీరు తగ్గించడమే చికిత్స.

ఆరో పని: చికిత్సలో ఏం జరుగుతుందో తెలుసుకుని, అడ్డుపడకుండా తోడుండండి

ముందు అల్ట్రాసౌండ్ చేసి కిడ్నీలు ఉన్నాయా, ఉబ్బాయా, దారి తెరిచి ఉందా చూస్తారు. నీరు తగ్గిందనిపిస్తే, గుండె వైఫల్యం లేదని తేల్చుకుని, కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ అరగంట నుంచి గంటలోపు ఎక్కిస్తారు. దానికి మూత్రం వస్తే కారణం దొరికినట్టే. రాకపోతే ఫ్యూరోసమైడ్ ఒకసారి ఇచ్చి చూడవచ్చు. అది మూత్రం పెంచగలదు గానీ దెబ్బతిన్న కిడ్నీని బాగు చేయదు. ఒకప్పుడు కిడ్నీ కోసమని తక్కువ మోతాదు డోపమైన్ ఇచ్చేవారు, ఇప్పుడు ఆ ఉద్దేశంతో వాడమని ఎవరూ సిఫారసు చేయడం లేదు. బీపీ పడిపోతే మాత్రం వాడతారు.

ఆ తర్వాత కుటుంబాలకు అన్నింటికంటే కష్టంగా అనిపించేది పాలు, సెలైన్ తగ్గించేయడం. "మూత్రం రావట్లేదంటే ఇంకా నీళ్ళు ఇవ్వాలి కదా?" అని తాతయ్యలు, అమ్మమ్మలు అడుగుతారు. కిడ్నీ బయటికి పంపలేనప్పుడు లోపలికి పంపిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చర్మం నుంచి, ఊపిరి నుంచి ఆవిరయ్యే నీటికి సరిపడా, దానికి ఎంత మూత్రం వచ్చిందో అంత కలిపి ఇస్తారు. నెలలు నిండిన 3 కిలోల బిడ్డకు ఆవిరయ్యేది రోజుకు సుమారు 75 నుంచి 90 మిల్లీలీటర్లు. అందుకే రోజుకు ఒకటి రెండుసార్లు బరువు తూస్తారు. మూత్రం సరిగ్గా రాని ఆ రోజుల్లో బరువు పెరిగితే సంతోషించకండి, అది కండ కాదు, నీరు.

ఈ సమయంలో తల్లి చేయగలిగిన పెద్ద పని పాలు పిండుతూ ఉండటం. రోజుకు కనీసం ఎనిమిదిసార్లు, రాత్రి కూడా ఒకసారి. తల్లిపాలలో పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువ, కిడ్నీకి బరువు తక్కువ. కొలత పెట్టి ఇచ్చేది కొన్ని చుక్కలే అయినా అవి మీ పాలే కావాలి. బిడ్డ కోలుకునే నాటికి పాలు ఎండిపోకూడదు కదా.

పొటాషియం నిజంగా పెరిగితే గుండెను కాపాడటానికి కాల్షియం గ్లూకోనేట్, పొటాషియాన్ని కణాల్లోకి తోయడానికి గ్లూకోజుతో ఇన్సులిన్, సాల్బుటమాల్ ఆవిరి ఇస్తారు. "పసిబిడ్డకు షుగర్ మందా?" అని కంగారుపడొద్దు. ఇన్సులిన్ వల్ల రక్తంలో చక్కెర పడిపోకుండా చూడటానికే నర్సు మాటిమాటికీ గ్లూకోజ్ పరీక్ష చేస్తుంది.

డయాలసిస్ అంటే భయపడకుండా ఈ ప్రశ్నలు అడగండి

మందులకు లొంగని పొటాషియం, రక్తంలో ఆమ్లం, ఊపిరాడనంత నీరు. ఇలాంటివి ఉంటే డయాలసిస్ (కిడ్నీ చేయాల్సిన వడపోతను వేరే దారిలో చేయించడం) మాట వస్తుంది. ఆ మాట వినగానే జీవితాంతం మిషన్ మీదే అనుకుంటారు. తాత్కాలికంగా కిడ్నీ పడుకున్నప్పుడు అది లేచేదాకా చేసే సాయం ఇది. కొన్ని రోజులో, కొన్ని వారాలో.

పసిపిల్లలకు ఎక్కువగా చేసేది పొట్ట ద్వారా చేసే డయాలసిస్. పొట్టలోకి మెత్తటి సన్న గొట్టం వేస్తారు. గోరువెచ్చగా చేసిన ద్రవాన్ని మొదట్లో కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున వదులుతారు. అంటే 3 కిలోల బిడ్డకు 30 మిల్లీలీటర్లు, రెండు టేబుల్ స్పూన్లంత. అరగంటకు పైగా లోపల ఉంచి కిందికి దించుతారు. లోపలికి పోసిన దానికంటే ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కువ వచ్చిందో నర్సు చార్టులో రాస్తుంది. ఒక విడత అయ్యాక ఇంకోటి, రాత్రీ పగలూ. బయటికి వచ్చే ద్రవం తేటగా ఉండాలి, మబ్బుగా మారితే పొట్టలో ఇన్ఫెక్షన్ అనుమానించాలి. మంచం దగ్గరికి వెళ్ళే ప్రతిసారీ చేతులు మోచేతుల దాకా కడుక్కోండి, చుట్టాలను పంపకండి. ఇక్కడ పెద్ద ప్రమాదం ఇన్ఫెక్షనే.

పేగు దెబ్బతిన్న బిడ్డకు, పొట్ట ఆపరేషన్ కొత్తగా అయిన బిడ్డకు ఇది కుదరకపోవచ్చు. అప్పుడు రక్తాన్ని మిషన్‌లో నెమ్మదిగా వడకట్టే పద్ధతి కావాలి, అది కొన్ని పెద్ద కేంద్రాల్లోనే ఉంటుంది. డాక్టరును మూడు మాటలు అడగండి: డయాలసిస్ ఏ కారణంతో మొదలుపెడుతున్నారు, కిడ్నీ కోలుకునే రకమా లేక పుట్టుకతోనే సరిగ్గా లేనిదా, ఈ సౌకర్యం ఇక్కడే ఉందా లేక బిడ్డ కదిలే స్థితిలో ఉండగానే పంపించాలా. రెండో ప్రశ్నకు జవాబు కష్టంగా ఉండవచ్చు. అయినా అడగండి, తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

కోలుకునేటప్పుడు మూత్రం ఒక్కసారిగా ఎక్కువ రావచ్చు. అడ్డు తొలగించిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. మంచి గుర్తే గానీ దాంతోపాటు సోడియం, పొటాషియం కొట్టుకుపోతాయి. ఆ రెండు మూడు రోజులు డిశ్చార్జి కోసం తొందరపెట్టకండి.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి కాగితం మీద "కిడ్నీ దెబ్బతిన్నది" అని రాయించుకోండి, చివరి క్రియాటినిన్ అంకె, బీపీ కూడా. ఐసీయూ నుంచి బయటపడిన సంతోషంలో ఈ ఒక్క లైను తప్పిపోతుంది, తర్వాత ఏ డాక్టరుకూ తెలియదు. మూడు నెలలకు ఒకసారి చూపించి క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, బీపీ పరీక్షించమనండి. పసిబిడ్డకు బీపీ చూడటానికి చిన్న కఫ్ ఉండాలి, అది ఉన్న చోటికే వెళ్ళండి. ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం, కనీసం ఏడాదికోసారి. కోలుకున్న కిడ్నీలో కూడా కొన్నేళ్ళకు బీపీ, ప్రోటీన్ సమస్యలు బయటపడవచ్చు.

మందుల షాపులో అడిగి సిరప్‌లు వేయకండి. జ్వరానికి మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ ఈ బిడ్డకు డాక్టరు రాస్తే తప్ప వద్దు. దగ్గు మందులైతే రెండేళ్ళలోపు ఏ బిడ్డకూ అక్కర్లేదు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు చనిపోయింది సిరప్‌లో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కిడ్నీలను చంపేయడం వల్లే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఈ బిడ్డను మిగతావాళ్ళకంటే ఒక రోజు ముందే చూపించండి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, స్కాన్‌కు రంగు మందు ఎక్కిస్తామన్నప్పుడు, ఏ యాంటీబయోటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టేటప్పుడైనా ఆ డిశ్చార్జి కాగితం ముందుగా చూపించండి. టీకాలు ఎప్పటిలాగే వేయించవచ్చు.